పైన 13,000 అడుగులు, కింద 10,500

మన సంఘం గ్రూపులో పోయిన నెల మేమిద్దరం పెట్టిన ఫోటో చూసి చాలామంది ఫోన్ చేశారు. సగం మంది అడిగింది ఒకటే: "ఈ వయసులో మీకిదేం పనమ్మా?" మిగతా సగం మంది "ఎంతయింది?" అన్నారు. మొదటి ప్రశ్నకి జవాబు పొడుగు. రెండోదానికి విడిగా మెసేజ్ పెట్టండి, చెప్తాం. కొందరు మాత్రం నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అదెట్లా నేర్పిస్తారు, వెనకాల ఎవరో కట్టుకుని దూకేదే కదా, మీరు చేసేదేముంది అని. ఈ పోస్టు వాళ్ళ కోసం. పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకి మా పరిచయం. మేము అక్కాచెల్లెళ్ళం. ఛాంపియన్ రీఫ్ లైన్లలో పుట్టి పెరిగినవాళ్ళం. తాత కుప్పం పక్క పల్లె నుంచి మైన్స్ పనికి వచ్చాడు. నాయన కూడా అదే పనిలో, భూమి కింద, రిటైరయ్యేదాకా ఉన్నాడు. మమ్మల్ని పేర్లతో కంటే పెద్దది, చిన్నది అనే పిలుస్తాడు, అందుకే ఇక్కడా అట్లే రాస్తాం. పెద్దదానికి 48, బెంగుళూరులో బ్యాంకు ఉద్యోగం. చిన్నదానికి 44, హోసూరులో పిల్లలకి లెక్కలు చెప్తుంది. మారికుప్పం రైల్లో తెల్లవారుజామున నిలబడి నిద్రపోవడం ఇద్దరికీ వచ్చు. ఇంతకు మించి సాహసాలు చేసినవాళ్ళం కాదు.

ముందు ఒక అపోహ తీర్చేద్దాం. వీడియోల్లో ఎక్కువగా కనపడేది టాండెం. అందులో మనం మూట మాత్రమే. చంటిబిడ్డని కట్టుకున్నట్టు శిక్షకుడు మనల్ని ముందు కట్టుకుని దూకుతాడు, పారాచూట్ ఆయనే విప్పుతాడు, ఆయనే దింపుతాడు. కాళ్ళు పైకెత్తమన్నప్పుడు ఎత్తితే చాలు. మేము చేసింది అది కాదు. దాన్ని ఏఎఫ్ఎఫ్ అంటారు, యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్. ఇందులో మొదటి జంపు నుంచే మన వీపు మీద మన పారాచూట్ ఉంటుంది. మనమే బయటికి అడుగెయ్యాలి, ఎత్తు మనమే చూసుకోవాలి, పిడి మనమే లాగాలి, గుడ్డ విచ్చుకున్నాక మనమే నడుపుకుంటూ దిగాలి. ఇద్దరు శిక్షకులు చెరో పక్క మనల్ని పట్టుకుని మనతోపాటే పడతారు. అయితే వాళ్ళకీ మనకీ మధ్య కట్టు ఉండదు, వాళ్ళ చేతుల పట్టే ఉంటుంది. ఆ పట్టు కూడా టైము వచ్చినప్పుడు వదిలేస్తారు.

ఈ పద్ధతి అమెరికాలో 1980ల మొదట్లో వచ్చింది. అంతకు ముందు కొత్తవాళ్ళు సైన్యంలో లాగా స్టాటిక్ లైన్ మీద నేర్చుకునేవాళ్ళు. పారాచూట్ తాడు ఒక కొస విమానానికి కట్టి ఉంటుంది, మనిషి దూకగానే అదే లాగేస్తుంది. మన సైన్యంలో మొదటి దూకుళ్ళు 1941లో, యుద్ధకాలంలో. అప్పుడు దూకిన మొదటి భారతీయుల్లో లెఫ్టినెంట్ ఏ.జి. రంగరాజ్ అనే మిలిటరీ డాక్టరు ఒకరు. ఆయనే తర్వాత కొరియా యుద్ధంలో 60 పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్‌ని నడిపించి మహావీర చక్ర తెచ్చుకున్నారు. యుద్ధం చెయ్యడానికి కాదు, దెబ్బతిన్నవాళ్ళకి కట్లు కట్టడానికి ఆకాశంలోంచి దూకిన మనిషి. ఆయన గురించి మన పిల్లల పుస్తకాల్లో ఒక పాఠం ఉండాల్సింది. ఇప్పుడు సైన్యానికి, వాయుసేనకి ఆగ్రాలో పెద్ద స్కూలు ఉంది, వాయుసేనకి 1987 నుంచి ఆకాశ గంగ అనే స్కైడైవింగ్ జట్టు కూడా ఉంది.

మనలాంటి మామూలు జనానికి మన దేశంలో అవకాశాలు తక్కువ. మైసూరులో క్యాంపులు జరిగిన రోజులున్నాయి, హర్యానాలో నార్నౌల్ దగ్గర దూకిస్తారు. మాకు కావాల్సింది మాత్రం వరసగా రెండు వారాలు ఒకేచోట కూర్చుని మొత్తం కోర్సు నేర్చుకోవడం. దానికి థాయ్‌లాండ్ దగ్గర, ఎండాకాలపు ఆకాశం కూడా ఖాయం. శీతల్ మహాజన్ 2018లో తొమ్మిది గజాల మరాఠీ చీర కట్టుకుని దూకింది కూడా ఆ పట్టాయా పక్కనే. ఆ వార్త చదివి పెద్దది, "చీరతో దూకొచ్చంటే మోకాలి నొప్పితోనూ దూకొచ్చు" అంది. మా ప్రయాణానికి అదే ముహూర్తం.

ఇంట్లో చెప్పడం అసలు కష్టం. మా ఆయనలు ఒకరు నవ్వారు, ఒకరు ఇన్సూరెన్సు కాగితాలు తీశారు. నాయన దగ్గర మాత్రం నెల రోజులు నాన్చాం. ఆయనకి 79. మైన్స్ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది, నాలుగు మాటలకొకసారి ఆగి దగ్గుతాడు. ఆ దగ్గు మధ్యలో ఈ సంగతి ఎట్లా చెప్పడం? చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, సంగటి తిని వరండాలో కూర్చున్నప్పుడు చిన్నది చెప్పేసింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: "ఎంత ఎత్తు?"

"13,000 అడుగులు నాయనా."

"మాది పదిన్నర వేలు."

అంతే. వద్దనలేదు. పొమ్మనీ అనలేదు.

కొత్త తరం పిల్లలకి ఈ పదిన్నర వేలు ఏమిటో చెప్పాలి. ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3,200 మీటర్లు, అంటే 10,500 అడుగులు. ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి. అక్కడికి ఒకే కేజులో దిగిపోలేరు, మధ్యలో మారాలి. దిగేకొద్దీ లెవెల్ నంబరు పెరుగుతుంది, అట్లా నంబర్లు వంద దాటాయి. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటేది. పైనుంచి చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. ఇదంతా కాక రాక్ బర్స్ట్. లోపలి ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలుతుంది. అర్ధరాత్రి ఇంట్లో గిన్నెలు కదిలితే అమ్మ లేచి కూర్చునేది. ఏ షాఫ్టు వైపు అని ఎవరూ గట్టిగా అడిగేవాళ్ళు కాదు. లైన్లలో ఒక్కొక్క ఇంట్లో దీపం వెలిగేది. మాకు భయం అంటే ఏమిటో నేర్పింది అది. ఆకాశం కాదు.

ఇంకో మాట. మేము ఎన్నిసార్లు అడిగినా ఆ కేజు ఎక్కే వీలు లేకపోయింది. ఆడవాళ్ళని భూమి కింద పనికి పెట్టుకోకూడదని 1952 గనుల చట్టం 46వ సెక్షన్. ఆడది దిగితే అరిష్టమనే మాట చట్టానికంటే పాతది. ఆ చట్టంలో సడలింపు 2019లో వచ్చింది, అదీ సాంకేతిక, పర్యవేక్షణ పనులకి, పగటి వేళల్లోనే. మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సొరంగాల్లో ఇప్పుడు నీళ్ళు నిండాయి. తలుపు తెరిచేటప్పటికి ఇల్లే లేదన్నమాట. లైన్లలో మాతో పెరిగిన మగపిల్లలు కొందరికైనా తండ్రి పనిచేసిన చోటు ఒక్కసారి కంటితో చూసే యోగం పట్టింది. మాకు పట్టలేదు. ఆయన అన్నం తెచ్చిన చోటు మాకు ఒక నంబరు మాత్రమే. ఎత్తు చెప్పగానే ఆయన నోట లోతు ఎందుకు వచ్చిందో మాకు అర్థమైంది.

ఇక పాఠం. మొదటి రోజంతా నేల మీదే. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా సాగింది. శిక్షకులు ఇద్దరు, ఒకాయన తెల్లగడ్డం పెద్దాయన, ఇంకొకామె మా చిన్నదానికంటే చిన్నది. మాట తక్కువ, చేతులతో చెప్పడం ఎక్కువ, ఎందుకంటే పైన గాలిలో మాట వినపడదు. రెండు వేళ్ళు చాపితే కాళ్ళు చాపు. బొటనవేలు కిందికి చూపిస్తే నడుము ముందుకి నెట్టు. చెయ్యి ఆడిస్తే ఒళ్ళు వదులు చెయ్యి. చూపుడు వేలు మన మొహం ముందు పెడితే పిడి లాగు, ఇంకేం ఆలోచించొద్దు.

అన్నిటికీ మూలం ఆర్చ్. బోర్లా పడుకుని నడుము ముందుకి నెట్టి, తల ఎత్తి, చేతులూ కాళ్ళూ వెనక్కి వదలాలి. తిరగేసిన అరటాకు దొప్ప నేల మీద పడేటప్పుడు చూశారా, బరువున్న నడుమే ముందు కిందికి వస్తుంది, అంచులు గాలిలో ఉంటాయి. అదే సూత్రం. భయపడిన ఒళ్ళు దీనికి ఉల్టా చేస్తుంది, కడుపు లోపలికి లాక్కుని ముడుచుకుంటుంది. ముడుచుకుంటే గాలి మనల్ని తిప్పేస్తుంది. కాబట్టి నేర్చుకోవాల్సింది ధైర్యం కాదు, భయం ఉన్నప్పుడు కూడా నడుము ముందుకి నెట్టడం. చక్రాల బల్ల మీద బోర్లా పడుకుని మేము దీన్ని ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు. పెద్దది అక్కడే కడుపు పట్టుకుని నవ్వింది: యాభై దగ్గర పడ్డాక మళ్ళీ పారాడడం నేర్చుకుంటున్నాం అని.

తర్వాత మధ్యాహ్నమంతా "తప్పు జరిగితే". పైకప్పు నుంచి వేలాడే కట్లలో మనల్ని బిగించి, తల పైన ఒక బొమ్మ చూపిస్తారు. గుడ్డ నిండుగా, చతురస్రంగా ఉందా, మన మాట వింటోందా? ఉంటే దిగడమే. తాళ్ళు మెలిపడితే తాళ్ళు విడదీస్తూ కాళ్ళు తన్నాలి. చిక్కుముడి పడి గుడ్డ పనికిరాకుండా పోతే, 2,500 అడుగుల లోపు ఇంక బేరాల్లేవు. కుడి వైపు ఎర్ర పిడి చూడు, పట్టుకో. ఎడమ వైపు వెండి రంగు పిడి చూడు, పట్టుకో. ఎర్రది లాగితే పాడైన గుడ్డ విడిపోతుంది. వెండిది లాగితే రెండో గుడ్డ వస్తుంది. మన బుర్ర పూర్తిగా పనిచెయ్యకపోయినా, నేల ఓ వెయ్యి అడుగుల దరిదాపుల్లోకి వచ్చాక కూడా మనం వేగంగా పడుతుంటే ఒక చిన్న యంత్రం తనంతట తానే రెండో గుడ్డ సంచి కట్టు కోసేస్తుంది. జర్మనీ వాళ్ళు 1991లో తెచ్చిన సైప్రెస్ అనే యంత్రం ఈ జాతిలో పేరుపడ్డది.

ఆ రాత్రి నాయనకి ఫోన్లో ఈ ఎర్ర పిడి సంగతి చెబితే ఆయనకి మా కంటే త్వరగా ఎక్కింది. షాఫ్టు మీద ఇనుప గోపురంలో అట్లాంటి కొక్కెమే ఉండేదట. కేజు ఆగాల్సిన చోట ఆగక హద్దు దాటి పైకి పోతే, తాడు దానంతట అదే విడిపోతుంది, కేజు మాత్రం కొక్కేనికి పట్టుకుని అక్కడే వేలాడుతుంది. "తాడు విడిపోయేదే కాపాడేదమ్మా," అన్నాడు. "పట్టుకునే తాడు ఒకటి, వదిలే తాడు ఒకటి. రెండూ తెలిసుండాల." మరుసటి రోజు తెల్లగడ్డం పెద్దాయనకి ఈ మాట వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, మీ నాన్న ఇక్కడికి వస్తే జీతం ఇస్తాం అన్నాడు.

మొదటి జంపు గురించి అందరూ అడుగుతారు, నిజానికి చెప్పడానికి దానిలో తక్కువ ఉంది. చిన్న విమానం, బల్లలు లేని నేల, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు ఇరుకు. బంగారుపేటలో పొద్దున రైలెక్కినవాళ్ళకి ఆ ఇరుకు కొత్త కాదు. ఇరవై నిమిషాలు ఎక్కుతుంది. కింద కర్రపెండలం మడులు, అనాస తోటలు, దూరంగా సముద్రం. మణికట్టు మీద ఎత్తు చూపే గడియారం. అది పదిన్నర దాటినప్పుడు మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇక్కడి నుంచి నేల ఎంత దూరమో, నేల నుంచి నాయన పనిచేసిన చోటు అంత దూరం. విమానం ఆ లెక్క దాటి ఇంకా ఎక్కుతూనే ఉంది.

తలుపు తెరిచాక ఏం జరిగిందో మాలో ఒకరికి మొదటి అయిదు సెకన్లు అసలు గుర్తు లేదు. అది మామూలే అన్నారు. కడుపులో దూది కదిలినట్టు, ఊయల దిగినట్టు ఉంటుందనుకున్నాం. అట్లా లేదు. విమానం వేగం ముందే మనకి ఉంటుంది కాబట్టి, గాలి మీద పడుకున్నట్టే ఉంటుంది. పది సెకన్లలో గంటకి 190 కిలోమీటర్ల వేగం వస్తుంది, అక్కడి నుంచి అది పెరగదు. ప్రతి వెయ్యి అడుగులకీ అయిదున్నర సెకన్లు. పని చాలా ఉంటుంది: దిక్కు చూడు, గడియారం చూడు, ఎడమ శిక్షకుణ్ణి చూడు, కుడి ఆమెను చూడు, నడుము వెనకాల ఉన్న పిడి మీద మూడుసార్లు చెయ్యి వేసి తీసెయ్, లాగొద్దు. మళ్ళీ గడియారం. 5,500 దగ్గర చేతులు ఊపి, పిడి లాగు. మొత్తం 45 సెకన్లు. లెక్కలు చెప్పే చిన్నదానికి ఈ భాగం నచ్చింది, భయపడడానికి టైమ్‌టేబుల్లో పీరియడ్ లేదు అంది.

గుడ్డ విచ్చుకున్నాక వచ్చే నిశ్శబ్దం మాత్రం మాటల్లో పెట్టలేం. అందుకు ప్రయత్నించం. రేడియోలో కింది నుంచి ఒకరు ఎడమ, కుడి చెబుతుంటారు. 1,000 అడుగుల దగ్గర గాలి వాటున, 600 దగ్గర అడ్డంగా, 300 దగ్గర గాలికి ఎదురు తిరగాలి. నేల పది పన్నెండు అడుగులుందనగా రెండు పిడులూ కిందికి లాగితే గుడ్డ బ్రేకు వేసినట్టు ఆగుతుంది. పెద్దది కూర్చుని దిగింది. చిన్నది పరుగెత్తుతూ దిగింది. అనాస తోట యజమాని కుక్క ఇద్దరినీ చూసి మొరిగింది.

మేము చెప్పాలనుకున్నది మూడో లెవెల్ గురించి. ఏఎఫ్ఎఫ్‌లో ఏడు లెవెళ్ళు. మా ఇంట్లో లెవెల్ అంటే కిందికి పోయే లెక్క, ఇక్కడ పైన. మొదటి మూడింటికి ఇద్దరు శిక్షకులు, నాలుగు నుంచి ఒకరు. ఆ మూడోదానిలో, మన ఒళ్ళు నిలకడగా ఉంటే, ఇద్దరూ చేతులు వదిలేస్తారు. ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు. పక్కనే ఉంటారు, అడుగు దూరంలో, మనతో సమంగా పడుతూ. పట్టుకోరు.

చిన్నదాన్ని మొదటిసారే వదిలారు. పెద్దదానికి అంత సులువు కాలేదు. పాత రోడ్డు ప్రమాదంలో ఎడమ చీలమండ విరిగి అతికింది, ఆ కాలు కుడి కాలంత చాపుకోదు. గాలికి ఇది చాలు. రెండు కాళ్ళు సమానంగా లేకపోతే మనిషి మెల్లగా గానుగలాగా తిరుగుతాడు. కుడి పక్క ఆమె వదలబోయింది, పెద్దది తిరగడం మొదలుపెట్టింది, ఆమె మళ్ళీ పట్టుకుంది. లెవెల్ మళ్ళీ చెయ్యాలి. చాలామందికి మామూలే. ఆ సాయంత్రం గాలి ఎక్కువై విమానం ఎగరలేదు, మరుసటి రోజూ ఎగరలేదు. రెండు రోజులు వట్టి కూర్చోవడం. పెద్దది ఆ రెండు రోజుల్లో ఇంటికి పోదామని మూడుసార్లు అంది. కాలు మాట వినదు, ఎన్నిసార్లు చేసినా వినదు, డబ్బు దండగ అంది. చిన్నదానికి ఏం చెప్పాలో తోచలేదు. అక్కకి చెల్లెలు ధైర్యం చెబితే అక్క ఊరుకుంటుందా?

నాయనకి ఫోన్ చేశాం. ఆయన ధైర్యం చెప్పలేదు. తను కొత్తగా చేరినప్పటి సంగతి చెప్పాడు. మేము ఎప్పుడూ వినలేదు దాన్ని. కొత్తవాణ్ణి పాత మనిషి వెంట వేసేవాళ్ళట. నాయనని పట్టుకున్నది ఒక తమిళ పెద్దాయన. మొదటి పని రాయి కొట్టడం కాదు, రాయి వినడం. పని మొదలుపెట్టే ముందు పైకప్పుని గడ్డపారతో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచి రాయి. డొల్లగా మోగితే పక్కకి జరుగు. కొన్ని వారాలు ఆ పెద్దాయనే కొట్టేవాడు, నాయన వినేవాడు. తర్వాత నాయన కొడితే ఆయన వినేవాడు. ఒకరోజు నాయన కొట్టి, బాగుందన్నాడు. పెద్దాయన చెయ్యి వేసి చూడకుండానే దాని కింద కూర్చుని అన్నం మూట విప్పాడు.

"ఆ దినం నాకు అన్నం దిగలేదు," అన్నాడు నాయన. "నా మాట నమ్మి ఆయన కూర్చున్నాడే, అదీ భయం. ఆయన కొట్టినప్పుడు నాకేం భయం ల్యా."

కాసేపు దగ్గి, "కాలు వంకరుంటే వంకరున్న కాలికి తగ్గట్టు రెండో కాలు పెట్టు. సమానం కావాల్నంటారు గాని, నిక్కరంగా కావాల్ననలేదు కదా," అన్నాడు.

ఇది ఏరోడైనమిక్స్ చదివిన మనిషి చెప్పలేదు. మూడో రోజు పొద్దున పెద్దది ఈ మాటే శిక్షకురాలికి చెప్పింది, ఆమె బల్ల మీద పడుకోబెట్టి కుడి కాలుని కొంచెం ముడిపించి చూసింది. ఎడమది చాపుకోలేనంత మేర కుడిదాన్ని చాపొద్దు. అద్దంలో చూసుకుంటూ ఇరవైసార్లు. తర్వాత విమానం.

పెద్దది చెప్పిన మాట ఇది, మేమిద్దరం చాలాసార్లు మాట్లాడుకున్నాం. చేతులు వదిలిన క్షణం తెలియలేదట. కుడి పక్క ఆమె మొహం మీదికి ఇంకా దగ్గరగా వచ్చి నవ్వుతోంది, అందువల్ల పట్టుకునే ఉందనుకుంది. గడియారం చూసింది, 8,000. ఆమె రెండు చేతులూ పైకెత్తి ఖాళీగా చూపించింది. ఎడమ పక్కకి తిరిగి చూస్తే పెద్దాయన చేతులూ ఖాళీ. తిరగడం లేదు. దిక్కు కదలడం లేదు. భయం అప్పుడు వచ్చిందట, నాయనకి అన్నం దిగనట్టు. వాళ్ళు మన లెక్క నమ్మి వదిలేశారు, ఇంక పిడి లాగేది మనమే అని. 5,500 దగ్గర లాగింది.

ఏడో లెవెల్ దాకా ఇద్దరం వచ్చాం. అందులో తలకిందులుగా దూకడం, గాలిలో వెనక్కి పల్టీ కొట్టడం ఉన్నాయి, వాటి వీడియోలు పిల్లలకి చూపించడానికి బాగుంటాయి కాని రాయడానికి ఏం లేదు. చిన్నదానికి ఆరో జంపులో తాళ్ళు మెలిపడ్డాయి, తన్నితే మూడు చుట్లలో విడిపోయాయి. ఆ సంగతి ఇంటికొచ్చిన వారానికి చెప్పింది.

నాయన వీడియో చూసిన తీరు చెప్పాలి. మాతోపాటు ఇరుగుపొరుగు అందరూ ఆకాశం చూస్తుంటే, ఆయన మా వీపు మీది సంచి వైపు చూశాడు. "ఈ గుడ్డ మడత పెట్టేదెవరు?" అన్నాడు. మొదటి గుడ్డని అక్కడి ప్యాకర్లు మడతపెడతారు, తర్వాత తర్వాత మనకీ నేర్పుతారు. రెండో గుడ్డని మాత్రం లైసెన్సు ఉన్న రిగ్గరే మడిచి, ఎర్ర దారం కట్టి సీలు వేసి, కార్డు మీద తేదీ, సంతకం పెడతాడు. గడువు దాటితే, విప్పకపోయినా సరే, మళ్ళీ విప్పి మడవాలి. సంతకం మాట వినగానే నాయన తలాడించాడు. కేజు తాడుని కూడా దినాం చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాళ్ళట. "సంతకం పెట్టినోడి పేరు అడిగినారా?" అన్నాడు. అడగలేదు. "ఈసారి అడగండి. దిగినాక పోయి కనపడి రావాల."

పోవాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. 18 నిండాలి. బరువుకి పరిమితి ఉంటుంది, అది ఒక్కోచోట ఒక్కో రకం, ముందే అడగండి. గుండె, బీపీ, భుజం జారిన చరిత్ర ఉంటే డాక్టరుని అడక్కుండా టికెట్టు కొనొద్దు. మీ ట్రావెల్ ఇన్సూరెన్సులో స్కైడైవింగ్ ఉందో లేదో చిన్న అక్షరాల్లో చదవండి, చాలావాటిలో ఉండదు. రోజులు లెక్కపెట్టుకుని పోవద్దు, గాలి ఆగకపోతే కూర్చోవాల్సిందే, కనీసం నాలుగు రోజులు అదనంగా పెట్టుకోండి. టాండెం ఒకసారి చేసి చూసి తర్వాత కోర్సులో చేరడం మంచిదే, తప్పనిసరి కాదు. లెవెల్ మళ్ళీ చెయ్యాల్సి వస్తే అదనపు డబ్బు అవుతుంది, అది ముందే చేతిలో ఉంచుకోండి.

ఏ లైసెన్సు రావాలంటే 25 జంపులు కావాలి. పెద్దదానికి పదయ్యాయి, చిన్నదానికి పన్నెండు. జనవరిలో సంక్రాంతి అయ్యాక మళ్ళీ పోతున్నాం. ఈసారి రిగ్గర్ పేరు రాసుకురావడానికి నాయన తన పాత డైరీ ఒకటి ఇచ్చాడు, అట్ట మీద బీజీఎంఎల్ ముద్ర ఉంది, లోపల సగం పేజీలు ఖాళీ.